చిగురు మందం 0.7 మి.మీ. ఉంటే అంగిలి నుంచి గ్రాఫ్ట్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 34. పైవరుసలో ఎడమవైపు కోరపన్ను దగ్గర చిగురు 3 మి.మీ., దాని వెనక పన్ను దగ్గర 2 మి.మీ. జారింది. చల్లనిది తగిలితే జివ్వుమంటోంది. నవ్వినప్పుడు కోరపన్ను పొడుగ్గా కనిపిస్తోంది. ఒక డాక్టరు కోరపన్ను దగ్గర చిగురు కొలిచి, మందం 0.7 మి.మీ. మాత్రమే ఉంది, అంగిలి నుంచి కణజాలం తీసి పెట్టాలి అన్నారు. ఇంకో డాక్టరు, ఉన్న చిగురునే కిందికి జరిపి కుట్టేస్తే సరిపోతుంది, అంగిలి కోయడం ఎందుకు అన్నారు. కింది ముందు పన్ను ఒకదాని దగ్గర కూడా చిగురు కాస్త దిగింది. పళ్ళు సరిచేయడానికి క్లిప్పులు కూడా వేయించుకోవాలనుకుంటున్నాను. మిల్లీమీటరులో మూడో వంతు తేడాకు ఆపరేషనే మారిపోతుందా? ఎవరి మాట వినాలి?

సమాధానం: మారిపోతుంది. ఇద్దరు డాక్టర్లూ చెప్పినవి బాగా నిలదొక్కుకున్న పద్ధతులే. ఏది ఎవరికి పనికొస్తుందన్నది చాలావరకు మీరు అడిగిన ఆ మిల్లీమీటరు భాగంమీదే ఆధారపడుతుంది. మీ కోరపన్ను దగ్గర కొలత నిజంగా 0.7 అయితే నేను మొదటి డాక్టరు సలహావైపే మొగ్గుతాను. కానీ వెనక పన్నుకు కూడా గ్రాఫ్ట్ (అంగిలి నుంచి తీసి పెట్టే కణజాలం) కావాలా అన్నది మీ ఉత్తరాన్ని బట్టి చెప్పలేం. దాని మందం విడిగా కొలిచినట్టు మీరు రాయలేదు. ఒకే నోట్లో, పక్కపక్క పళ్ళకే మందం వేరుగా ఉంటుంది. పైవరుస కోరపళ్ళ వేరు బయటికి ఉబ్బి ఉంటుంది కాబట్టి దాని మీది చిగురు సాధారణంగా సన్నం. వెనక పన్ను దగ్గర కొంచెం మెరుగ్గా ఉండే అవకాశం ఉంది.

మందానికి ఇంత విలువ ఎందుకో ముందు తెలియాలి, అప్పుడే మిగతావన్నీ అర్థమవుతాయి. చిగురును ఎముక మీదికి జరిపి కుడితే కింది నుంచి రక్తం అందుతుంది. వేరు మీదికి జరిపి కుడితే అందదు, ఎందుకంటే వేరు ఉపరితలంలో రక్తనాళాలు లేవు. వేరును కప్పిన భాగం బతకాలంటే ఆ ఫ్లాప్ (కోసి లేపి జరిపిన చిగురు పొర) మొదలు నుంచి, రెండు పక్కల నుంచి, చిగురు లోపలే అడ్డంగా పాకే సన్నటి నాళాల ద్వారా రక్తం రావాలి. చిగురు మందంగా ఉంటే ఆ నాళాలు ఎక్కువ. ఫ్లాప్ లేపేటప్పుడు కొన్ని తెగినా మిగిలినవి పని నడిపిస్తాయి. సన్నగా ఉంటే తెగిన ప్రతి నాళమూ లెక్కలోకి వస్తుంది. మొదటి రెండు మూడు రోజుల్లో ఫ్లాప్ అంచు తెల్లబడి, తర్వాత నల్లబడి, ఒకటి రెండు మిల్లీమీటర్లు చచ్చి రాలిపోవడానికి ముఖ్య కారణం ఇదే. వేరు కప్పడానికి కష్టపడి జరిపినది సరిగ్గా ఆ అంచే.

ఇంకో కారణం కుట్టుకు సంబంధించినది. సన్నని చిగురులో సూది వేసిన చోట దారం కోసుకుపోతుంది, ముడి బిగిస్తే చిరుగుతుంది. అందువల్ల డాక్టరు ఎంత నేర్పరి అయినా ఫ్లాప్‌ను కావలసిన ఎత్తులో గట్టిగా నిలపడం కష్టమవుతుంది.

ఇక అంకెలు. 1 మి.మీ. లోపు ఉంటే సన్నని చిగురు, దాటితే మందమైన చిగురు అనడం ఇప్పుడు ప్రపంచమంతటా ఒప్పుకున్న విభజన. ఆపరేషన్ విషయంలో మాత్రం ఎక్కువగా వినిపించే గీత 0.8 మి.మీ. ఫ్లాప్ మందం 0.8 మి.మీ. దాటినచోట వేరు పూర్తిగా కప్పబడిందని 1999లో ఇటలీ పరిశోధకులు చూపించారు. తర్వాతి పరిశీలనల్లో ఈ గీత 0.8 నుంచి 1.2 మధ్య తిరుగుతూ వచ్చింది. 0.8 కంటే మందంగా ఉన్నచోట గ్రాఫ్ట్ లేకుండా ఫ్లాప్ మాత్రమే జరిపినా ఫలితం దాదాపు అంతే బాగుంటుందనీ, అంతకంటే సన్నగా ఉన్నచోట గ్రాఫ్ట్ కలిపితేనే మేలనీ ఆ తర్వాత పోల్చి చూసిన పనిలో కూడా తేలింది. కాబట్టి రెండో డాక్టరు మాట తీసిపారేయదగ్గది కాదు. 1.1 మి.మీ. ఉన్న చిగురుకు అంగిలి కోయడం రోగికి అదనపు నొప్పి తప్ప పెద్ద లాభం కాదు. మీది 0.7 అని తెలిసి కూడా అలా అన్నారా, తెలియక అన్నారా అన్నది మీరు అడిగి తెలుసుకోవాలి.

అయితే 0.7కూ 0.9కూ తేడా పట్టుకునేంత జాగ్రత్తగా కొలిచారా అన్న ప్రశ్న కూడా ఉంది. కొలతల్లో పొరపాట్లు ఇక్కడే ఎక్కువ. కంటితో చూసి సన్నమో మందమో చెప్పడం నమ్మదగింది కాదు, అనుభవం ఉన్నవాళ్ళు కూడా తరచూ తప్పుతారు. అన్నిటికంటే తేలికైన పరీక్ష ప్రోబ్‌ది, అంటే చిగురు లోతు కొలిచే సన్నని లోహపు కడ్డీది. పంటి నడిమి భాగంలో, పన్నుకూ చిగురుకూ మధ్య సందులోకి ప్రోబ్ పెట్టినప్పుడు దాని లోహపు రంగు చిగురు గుండా కనిపిస్తే సన్నం, కనిపించకపోతే మందం. అవునా కాదా తెలుస్తుంది, అంకె రాదు. అంకె కావాలంటే మత్తు ఇచ్చి, రబ్బరు బిళ్ళ తొడిగిన సన్నని ఫైలునో (పంటి వేరు లోపల శుభ్రం చేసే సూదిలాంటి పరికరం) సూదినో చిగురు అంచు నుంచి 1.5–2 మి.మీ. దూరంలో నిలువుగా గుచ్చి, గట్టిది తగిలాక బిళ్ళను చిగురు దాకా జరిపి, బయటకు తీసి 0.01 మి.మీ. చూపే కాలిపర్‌తో కొలుస్తారు. ఏటవాలుగా గుచ్చితే అంకె ఎక్కువ వస్తుంది. తీసేటప్పుడు బిళ్ళ కదిలినా తప్పే. మత్తు మందు సరిగ్గా అక్కడే ఎక్కిస్తే ద్రవం నిండి చిగురు ఉబ్బి, 0.7 ఉన్నది 1గా కనిపించవచ్చు. గుర్తులున్న మామూలు ప్రోబ్‌తో గుచ్చితే అర మిల్లీమీటరుకు సర్దడం జరుగుతుంది, ఈ నిర్ణయానికి అది చాలదు. గుచ్చకుండా కొలిచే అల్ట్రాసౌండ్ పరికరాలు ఉన్నాయి. పెదవిని పక్కకు లాగి ఉంచి తీసిన సీబీసీటీ (దవడల త్రీడీ ఎక్స్‌రే) స్కాన్‌లో కూడా చిగురు మందం, దాని కింది ఎముక రెండూ కనిపిస్తాయి. పెదవి చిగురుకు అంటుకుని ఉండగా తీస్తే రెండూ కలిసిపోయి ఏమీ తెలియదు.

ఎక్కడ కొలిచారన్నది కూడా అడగండి. అంచుకు దగ్గరగా ఒక అంకె, కాస్త పైన కదిలే ఎర్రని పొర దగ్గర ఇంకో అంకె వస్తుంది. పైన చెప్పిన ఇటలీ పరిశోధనలో కొలిచింది లేపిన ఫ్లాప్‌ను, లేపకముందు దాని చోట ఉన్న చిగురును కాదు. ఇద్దరు డాక్టర్లు వేర్వేరు చోట్ల కొలిచి వేర్వేరు నిర్ణయాలకు రావడం అసాధ్యమేమీ కాదు. ఇంకొక్క విషయం, చిగురు వాచి ఉన్నప్పుడు తీసిన కొలతకు విలువ లేదు. గార తీయించుకుని, తోమే తీరు మార్చుకుని, నాలుగైదు వారాల తర్వాత రక్తం కారడం ఆగాక కొలిచినదే అసలు మందం. ఆ వ్యవధిలో వాపు తగ్గి చిగురు మరికొంచెం జారినట్టు కనిపించినా కంగారు పడొద్దు, ముందు నుంచీ ఉన్నదే బయటపడిందని అర్థం.

మందం ఒక్కటే చూసి ఫలితం ఊహించడం కూడా తప్పే. అన్నిటికంటే ముందు చూడాల్సింది పళ్ళ మధ్య ఉండే ముక్కోణపు చిగురు, దాని కింది ఎముక. వేరు కప్పడానికి జరిపిన ఫ్లాప్ ఆనుకునేదీ, రక్తం తెచ్చుకునేదీ ఆ రెండు ముక్కోణాల నుంచే. కైరో అనే ఇటలీ వైద్యుడి బృందం 2011లో ఇచ్చిన వర్గీకరణ దీన్నే పట్టి చూస్తుంది. పళ్ళ మధ్య ఏమాత్రం నష్టం లేకపోతే ఆర్‌టీ1 (ఆర్‌టీ అంటే చిగురు జారిన రకం). పళ్ళ మధ్య నష్టం ఉన్నా బయటివైపు నష్టానికి సమానంగానో తక్కువగానో ఉంటే ఆర్‌టీ2. అంతకు మించితే ఆర్‌టీ3. ఆర్‌టీ1లో వేరు పూర్తిగా కప్పబడుతుందని ఆశించవచ్చు. ఆర్‌టీ2లో కొన్నిసార్లు కప్పబడుతుంది. ఆర్‌టీ3లో ఎంత మందపు గ్రాఫ్ట్ పెట్టినా పూర్తిగా కప్పబడదు. గట్టిగా తోమడం వల్ల జారిన మీ వయసువారిలో సాధారణంగా ఆర్‌టీ1 ఉంటుంది, అయినా ఊహించుకోకుండా మీది ఏ రకమో రాయించుకోండి.

రెండోది, గట్టిగా కదలకుండా ఉండే లేత గులాబీ చిగురు ఎంత వెడల్పు మిగిలిందన్నది. 2 మి.మీ. కంటే తక్కువ ఉంటే తోముతున్నప్పుడు నొప్పి రావచ్చు, అందువల్ల సరిగ్గా తోమకపోతే, పాచి చేరుతుంది, వాపు వస్తుంది, చిగురు ఇంకా జారుతుంది. సన్నగానూ ఉండి, వెడల్పు కూడా తక్కువగా ఉంటే గ్రాఫ్ట్ అవసరం రెట్టింపు అవుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోరు. కోరపన్ను మెడ దగ్గర తోముడు వల్ల అరిగి గుంట పడిందా? గుంట పడితే ఎనామెల్ ముగిసి వేరు మొదలయ్యే గీత చెరిగిపోతుంది. ఆ గీత లేకుండా చిగురును ఎక్కడిదాకా తేవాలో తెలియదు. గుంటలో కొంత భాగం పంటి కిరీటానిదే, అంటే ఎనామెల్ కప్పిన భాగానిదే, దాని మీద చిగురు ఎప్పటికీ నిలవదు. అలాంటప్పుడు డాక్టరు చిగురు చేరగల గరిష్ఠ రేఖను లెక్కగట్టి, ఆ రేఖకు అవతల కిరీటం వైపు భాగాన్ని పంటి రంగు ఫిల్లింగుతో ముందే పూడ్చి, మిగతా భాగాన్ని చిగురుతో కప్పాలి. గుంట మొత్తాన్నీ ఫిల్లింగుతో నింపేసి ఆ తర్వాత ఆపరేషన్‌కు వెళ్తే పని చిక్కవుతుంది. జివ్వుమనడానికి ఎవరైనా ఇప్పుడే ఫిల్లింగ్ పెడతామంటే, చిగుళ్ళ డాక్టరుతో మాట్లాడాకే ఒప్పుకోండి.

ఇప్పుడు ఆపరేషన్ ఎలా జరుగుతుందో చెబుతాను, ఏ దశలో మందం అక్కరకొస్తుందో కనిపిస్తుంది. మత్తు ఇచ్చాక బయటపడిన వేరును శుభ్రం చేస్తారు. కొందరు వేరు ఉపరితలాన్ని శుభ్రపరిచే 24 శాతం ఈడీటీఏ జెల్ రెండు నిమిషాలు పెట్టి కడుగుతారు. పళ్ళ మధ్య చిగురు దగ్గర ఫ్లాప్‌ను పలచగా చీలుస్తారు, వేరు బయటపడిన చోటుకు కాస్త అవతల సుమారు 3 మి.మీ. మేర ఎముక పొరతో సహా పూర్తి మందంతో లేపుతారు, దాని అవతల మళ్ళీ పలచగా కోసి కండరాల లాగుడు వదిలిస్తారు. వేరు మీదికి రాబోయే భాగాన్ని పూర్తి మందంతో లేపడం ఇందులో కీలకం. 0.7 మి.మీ. చిగురును అక్కడ కూడా రెండుగా చీలిస్తే మిగిలేది సుమారు 0.35 మాత్రమే. ఆ తర్వాత ఫ్లాప్ ఎలాంటి బిగువు లేకుండా దానంతట అదే ఎనామెల్ ముగిసే గీతకు 1–2 మి.మీ. అవతలికి చేరాలి. మొదటి నెలలో చిగురు కొంత వెనక్కి తగ్గుతుంది కాబట్టి ఆ అదనం ఉంచుతారు. దారంతో లాగి పట్టుకుంటే తప్ప నిలవని ఫ్లాప్ తర్వాత తప్పకుండా జారుతుంది. మందమైన చిగురు కొద్దిపాటి బిగువును ఓర్చుకుంటుంది, సన్ననిది ఓర్చుకోదు. చివరగా 6-0 లేదా 7-0 సన్నని దారంతో పంటి చుట్టూ తిప్పి కుడతారు.

గ్రాఫ్ట్ పెట్టాలంటే అది ఫ్లాప్ కిందికి, వేరు మీదికి వెళ్తుంది. రెండు వైపులా సుమారు 3 మి.మీ. రక్తం అందే కణజాలం మీద ఆనేలా ఉండాలి. మందం 1–1.5 మి.మీ. చాలు. ఇక్కడ నా గట్టి అభిప్రాయం ఒకటి చెప్పాలి. గ్రాఫ్ట్ ఎంత లావుంటే అంత మంచిదన్న భావన తప్పు. 2 మి.మీ. దళసరి ముక్కను సన్నని ఫ్లాప్ కింద పెడితే, ఆ ఫ్లాప్‌కు కింది నుంచి వచ్చే కాస్త పోషణనూ అది అడ్డుకుంటుంది. ఫ్లాప్ అంచు చచ్చి గ్రాఫ్ట్ బయటపడుతుంది. ఒకవేళ మానినా ఆ చోట ఉబ్బుగా, రంగు తేడాగా మిగిలిపోతుంది. చిన్నది, పలచనిది, గట్టిది కావాలి. కొవ్వు ఉన్న మెత్తని కణజాలం కుంచించుకుపోతుంది, పై పొరకు దగ్గరున్న పీచులాంటి కణజాలం అంతగా కుంచించుకుపోదు. అందుకే చాలామంది ఇప్పుడు అంగిలి నుంచి పైపొరతో సహా పలచటి ముక్క తీసి, బయట పెట్టి, బ్లేడుతో పైపొర చెక్కి వాడుతున్నారు. పైపొరను అలాగే వదిలి ఫ్లాప్ కింద పెట్టేస్తే తర్వాత తెల్లటి మచ్చగానో తిత్తిగానో తేలుతుంది.

అంగిలి గురించి మీకున్న భయం సహజమే. ముక్కను కోరపన్ను వెనక నుంచి మొదటి పెద్ద దవడ పన్ను దాకా ఉన్న చోటు నుంచి తీస్తారు. మొదటి దవడ పన్ను దగ్గర దాని వేరు వల్ల అంగిలి పొర పలచబడుతుంది కాబట్టి ముందుభాగమే మేలు. అంగిలిలో పెద్ద రక్తనాళం ఒకటి వెనక నుంచి ముందుకు వస్తుంది. అంగిలి గుల్లగా, లోతుగా ఉంటే అది పళ్ళ మెడల నుంచి సుమారు 17 మి.మీ. దూరంలో, మామూలుగా ఉంటే 12, చదునుగా ఉంటే 7 మి.మీ. దూరంలోనే ఉంటుంది. చదునైన అంగిలి అయితే ఎత్తు తక్కువ ముక్క మాత్రమే తీయగలరు. సన్నని చిగురు ఉన్నవారికి అంగిలి పొర కూడా తరచూ పలచగానే ఉంటుంది. కాబట్టి అక్కడి మందాన్ని కూడా ముందే సూదితో కొలవడం మంచి పద్ధతి. గాయం మీద కొలాజెన్ స్పాంజి, కుట్లు, కొన్నిసార్లు వైద్యపు జిగురు పెడతారు. ముందే అచ్చు తీసి చేయించుకున్న ప్లాస్టిక్ తొడుగు ఉంటే మొదటి వారం మింగడం, మాట్లాడడం చాలా తేలికవుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో అంగిలి పూడుతుంది.

మీ రెండు పళ్ళకూ కలిపి పొడవాటి ముక్క అక్కర్లేకపోవచ్చు. వెనక పన్ను దగ్గర కొలత 1 మి.మీ. దాటితే ఒకే ఫ్లాప్ కింద కోరపన్నుకు మాత్రమే చిన్న గ్రాఫ్ట్ పెట్టి, వెనక పన్నును వట్టి ఫ్లాప్‌తో కప్పవచ్చు. అంగిలిలో గాయం సగానికి సగం తగ్గుతుంది. ఇద్దరి సలహాలకూ మధ్యనున్న ఈ దారి గురించి మీరు తప్పక అడగాలి.

అంగిలి ముట్టుకోకుండా పశువుల కొలాజెన్‌తో చేసిన పొరలు, దానం చేసిన మానవ చర్మం నుంచి కణాలు తీసేసి తయారుచేసిన పొరలు వాడడం కూడా ఉంది. మందం కొంత పెరుగుతుంది, కానీ సొంత కణజాలం ఇచ్చినంత కాదు. గులాబీ చిగురు వెడల్పు పెంచడంలోనూ అవి వెనకబడే ఉన్నాయి. చాలా పళ్ళకు ఒకేసారి చేయాల్సి వచ్చి, అంగిలి చాలనప్పుడు వాటికి చోటుంది. ఎనామెల్ ప్రొటీన్ జెల్ వేరుకు చిగురు అతుక్కోవడంలో తోడ్పడుతుంది తప్ప మందం ఇవ్వదు. మీ రక్తం నుంచే తీసే పీఆర్‌ఎఫ్ పొర మొదటి వారాల్లో గాయం మానడానికి సాయపడవచ్చు, 0.7ను 1.5 చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇన్ని ఇబ్బందులు పడి గ్రాఫ్ట్ ఎందుకంటే, ఆపరేషన్ అయిన మొదటి ఏడాదిలో కంటే ఆ తర్వాతే దాని ప్రయోజనం తేటగా తెలుస్తుంది. సన్నని చిగురును వట్టిగా జరిపి కుట్టినా కొందరికి ఆరు నెలలకు బాగానే కప్పబడి ఉంటుంది. కానీ అది సన్నగానే మిగిలిపోయింది కదా, ఏ కారణాల వల్ల మొదట జారిందో అవే కారణాలకు మళ్ళీ జారుతుంది. 12 ఏళ్ళపాటు గమనించిన ఒక పరిశోధనలో, ఆరో నెలలో చిగురు మందం 1.2 మి.మీ., గులాబీ చిగురు వెడల్పు 2 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉన్న చోట్ల అంచు నిలకడగా ఉంది. ఇంకో పరిశోధనలో అదే నోట్లో ఒకవైపు గ్రాఫ్ట్ పెట్టి, ఇంకోవైపు వదిలేసి, 18 నుంచి 35 ఏళ్ళు చూశారు. గ్రాఫ్ట్ పెట్టిన వైపు అంచు కాలక్రమంలో కిరీటం వైపుకు కొంచెం జరిగింది కూడా, వదిలేసిన వైపు మరింత జారింది. కాబట్టి ఆరో నెలలో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఎంత కప్పబడిందని మాత్రమే కాకుండా, ఇప్పుడు మందం ఎంతని కూడా కొలిపించుకోండి.

ఆపరేషన్‌కు ముందు మీరు చేయాల్సింది, జారడానికి కారణాన్ని ఆపడం. మీది ఎక్కువగా ఎడమవైపే ఉందంటున్నారు. కుడిచేతివాటం వారు ఎడమవైపు కోరపన్ను దగ్గర ఎక్కువ బలంతో అడ్డంగా తోముతుంటారు. మెత్తని బ్రష్‌తో, చిగురు నుంచి పన్ను వైపుకు దొర్లిస్తూ తోమండి, అడ్డంగా రుద్దొద్దు. బ్రష్ కుచ్చు నెల తిరగకుండా విచ్చుకుపోతుంటే మీరు ఇంకా గట్టిగానే తోముతున్నట్టు. పొగతాగే అలవాటు ఉంటే ముందూ వెనకా కనీసం కొన్ని వారాలు పూర్తిగా మానాలి, నికోటిన్ నాళాలను బిగించి సన్నని ఫ్లాప్‌కు చేరే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. చక్కెర వ్యాధి, రక్తం పలచబడే మందులు, గర్భం, వీటిలో ఏదున్నా మొదటే చెప్పండి.

ఆపరేషన్ తర్వాత పెదవి ఎత్తి అద్దంలో చూసుకోవడమే చాలామంది చేసే పెద్ద తప్పు. ఒక్కసారి లాగినా ఫ్లాప్ అంచు కదిలిపోతుంది, వేరుకూ చిగురుకూ మధ్య గడ్డకట్టిన పలచటి రక్తపు పొర విడిపోతుంది. రెండు మూడో రోజుకు బుగ్గ వాపు గరిష్ఠంగా ఉంటుంది. మొదటి రోజు బయటి నుంచి ఐసు కాపడం పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు ఆపుతూ చేయండి. ఆ వైపు రెండు వారాలు తోమకూడదు. బదులుగా 0.12 లేదా 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో రోజుకు రెండుసార్లు, గట్టిగా పుక్కిలించకుండా నోట్లో నెమ్మదిగా తిప్పి వదిలేయాలి. పళ్ళకు గోధుమరంగు మరక పడితే తర్వాత పాలిష్‌తో పోతుంది. మెత్తని, చల్లారిన తిండి రెండోవైపు నమలాలి. అంగిలి కుట్లు 7 నుంచి 10 రోజులకు, చిగురు కుట్లు సుమారు 14 రోజులకు తీస్తారు. తర్వాత డాక్టరు చెప్పే అతి మెత్తని బ్రష్‌తో కొన్ని వారాలు.

మొదటి రోజుల్లో అంచు పాలిపోయినట్టు కనిపించడం, పైపొర తెల్లగా ఊడడం మామూలే. అంగిలి నుంచి రక్తం కారితే తడిపిన శుభ్రమైన గాజుగుడ్డను మడిచి 20 నిమిషాలు వదలకుండా అదమండి. మధ్యమధ్య తీసి చూస్తే ఆగదు. అప్పటికీ ఆగకపోయినా, నాలుగో రోజు తర్వాత వాపు, నొప్పి తగ్గకపోగా పెరిగినా, జ్వరం వచ్చినా ఫోను చేసి ఊరుకోకుండా వెళ్ళండి. గ్రాఫ్ట్ కొంచెం బయటపడినంత మాత్రాన అంతా పాడైనట్టు కాదు. చిన్న భాగమే అయితే శుభ్రంగా ఉంచుకుంటే తరచూ దానంతట అదే పూడుతుంది, రంగు కొంచెం తేడాగా ఉండవచ్చు. దాన్ని కత్తిరించమని తొందరపెట్టకండి. చిగురు ఆకారం, రంగు కుదురుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. కాబట్టి రెండో నెలలో ఉబ్బుగా ఉందని చెక్కించుకోవడం తొందరపాటే.

కింది ముందు పన్ను సంగతి వేరు, అక్కడ నేను మరింత జాగ్రత్త కోరతాను. ఆ పళ్ళ ముందు ఎముకా చిగురూ రెండూ పలచన. పెదవి లోపలి లోతు తక్కువ, పెదవి కండరం, పెదవిని చిగురుకు కలిపే నడిమి తీగ అంచును లాగుతూ ఉంటాయి. వట్టి ఫ్లాప్ జరపడం ఇక్కడ సాధారణంగా నిలవదు. వేరు కప్పడం కంటే ముందు గట్టి, మందమైన చిగురును ఏర్పరచడం ముఖ్యమైన చోట అంగిలి నుంచి పైపొరతో సహా తీసిన ముక్కను నేరుగా అతికిస్తారు. రంగు కలవదు, లేత అతుకులా కనిపిస్తుంది, కానీ కింది పెదవి దాన్ని కప్పేస్తుంది.

క్లిప్పుల విషయంలో పళ్ళ డాక్టరును ఒక్కటే సూటిగా అడగండి: ఆ కింది పన్నును ముందుకు జరుపుతారా, వెనక్కా? ముందుకు, అంటే పెదవి వైపుకు జరిపితే పన్ను ఎముక హద్దు దాటవచ్చు, సన్నని చిగురు అప్పుడు ఇంకా దిగుతుంది. అలాంటి ప్రణాళిక అయితే ముందే గ్రాఫ్ట్ వేయించి, కనీసం రెండు మూడు నెలలు మాననిచ్చి అప్పుడు క్లిప్పులు పెట్టించుకోండి. పన్ను ఇప్పటికే ముందుకు పొడుచుకొచ్చి ఉండి, దాన్ని లోపలికి తెచ్చే ప్రణాళిక అయితే ఆగడం మంచిది. పన్ను ఎముకలోకి వచ్చాక చిగురు కొంత దానంతట అదే మెరుగుపడుతుంది, అప్పుడు కొలిస్తే ఆపరేషన్ చిన్నదవుతుంది, ఒక్కోసారి అవసరమే ఉండదు. పైన కోరపన్ను ఆపరేషన్‌ను దీనికోసం ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు, ఆ పన్నును కూడా బయటికి జరిపే ఉద్దేశం ఉంటే తప్ప.

రెండో డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రెండు పళ్ళకూ విడివిడిగా ఈ నాలుగూ రాయించుకుని పట్టుకెళ్ళండి: చిగురు ఎంత జారింది, అంచు నుంచి 2 మి.మీ. దూరంలో మందం ఎంత, గులాబీ చిగురు వెడల్పు ఎంత, ఆర్‌టీ1, 2, 3లో ఏది. వాటిని చూశాక కూడా ఆయన గ్రాఫ్ట్ వద్దంటే, 0.7 మి.మీ. చిగురు అయిదేళ్ళ తర్వాత మళ్ళీ జారకుండా ఏది ఆపుతుందో వివరించమనండి. మొదటి డాక్టరును అడగాల్సింది, వెనక పన్నుకు గ్రాఫ్ట్ లేకుండా చేయవచ్చా అని.